మలుపు ముందు వేసిన మండ

అనంతగిరి

పైడక్కకు, బావగారికి నమస్కారాలు. మీరూ పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. బావగారి నడుంనొప్పి తగ్గిందా? నేను బాగానే ఉన్నాను. వేళకు తింటున్నాను, నా గురించి దిగులు పెట్టుకోవద్దు. కాఫీ పళ్ల కాలం అయిపోయింది కనుక తోటలో మిషన్లు విప్పి శుభ్రం చేయడమే ఇప్పుడు పని. ఇంత ఎండాకాలంలోనూ పొద్దున్నే దుప్పటి వదలబుద్ధి కాదు. నువ్వు పంపిన ఎండు మెత్తళ్లు అయిపోయాయి. ఎవరైనా కొండెక్కితే మళ్లీ కాసిని పంపు.

కప్పుతో ఫోటో దిగి పంపమన్నావు. నేను గెలిచానని రాసిన ఉత్తరం బావగారు రైస్‌మిల్లులో అందరికీ చదివి వినిపించారట. ఫోటో పంపలేను. ఎందుకో ఇవాళ రాస్తున్నాను. ఇది మాత్రం మిల్లులో చదవద్దని చెప్పు.

దీపావళి నుంచి చైత్రం దాకా నాలుగు మోటారుసైకిలు రేసులకు వెళ్లాను. మొదటి దాంట్లో చైను తెగింది. రెండోది సముద్రం పక్క రోడ్డు మీద, ఇసుకలో జారి మోచెయ్యి గీరుకుపోయింది. మూడో దాంట్లో అయిదోవాణ్ణి. బావగారి పాత బండి చూసి రేసులు పెట్టే క్లబ్బువాళ్లు నవ్వారు. నాలుగోది మా ఘాటురోడ్డు మీదే. ప్రతి మలుపూ తెలిసిన రోడ్డు, ఇక్కడ కూడా గెలవకపోతే ఇంకెక్కడా గెలవనని మొండిపట్టు పట్టాను.

తోటలో నాతో పనిచేసే సోమన్న ఈ కొండవాడే. ఆదివారాలు నేను బండి తోలుతుంటే మలుపు దగ్గర నిలబడి, లారీ వస్తే చెయ్యి ఊపేవాడు. రేసు రోజున కూడా నా కోసమే వచ్చి నిలబడ్డాడు.

ఇక్కడ ఒక పద్ధతి ఉంది. మలుపు అవతల బండి ఆగిపోయినా, రాయి పడినా, ఇవతల రోడ్డు మీద ఒక పచ్చమండ విరిచి వేస్తారు. చూసినవాడు నెమ్మదించాలి. అయితే చైత్రంలో వేటపండగ. మగవాళ్లు అడవికి పోతే ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా మండలు వేసి, బళ్లు ఆపి, పాటలు పాడి చిల్లర పుచ్చుకుంటారు. ఆ వారమంతా రోజూ నన్ను ఆపారు. "ఏటి బాబూ, అంత బేగి ఎలిపోతే మాకేటిత్తావు?" అని ఆటపట్టించేవారు.

రేసూ ఆ వారంలోనే. సోమన్న నిలబడే మలుపు ముందు మండ కనబడింది. పండగ మండే అనుకుని పక్కనుంచి దూసుకుపోయాను. అవతల లారీ కార్చిన ఆయిలు మీద సోమన్న వంగి మట్టి చల్లుతున్నాడు. నేను కాలు పెట్టుకునే కమ్మీకి ఏదో తగిలింది. కొమ్మ అనుకున్నాను. కొమ్మే అయితే బాగుండునని అలా అనుకున్నానేమో అక్కా, వెనక్కి తిరిగి చూడలేదు. వెనక వస్తున్న ఇద్దరూ బళ్లు ఆపి అతన్ని ఎత్తి నీడలో పడుకోబెట్టారు. అందుకే నేను మొదట వచ్చాను. కప్పు చేతికిచ్చాక ఈ సంగతి తెలిసింది.

మోకాలి కింద ఎముక విరిగింది. ఆసుపత్రిలో మంచం పక్కన నిలబడితే సోమన్న ఏమన్నాడో తెలుసా? "తప్పు నాదే బాబూ. పండగ రోజులని మరిసిపోనాను. ఒక మండే ఏసినాను. రెండేసుంటే నీకు తెలిసీసును."

నాకు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. అన్నం సయిస్తోంది, నిద్ర పడుతోంది. చలిలో చాలాసేపు హ్యాండిలు పట్టుకుంటే వేళ్లు మనవి కానట్టు అయిపోతాయి, లోపలంతా అలాగే ఉంది. తొలకరికి సోమన్న కొండెక్కి సామలు చల్లాలి. ఎక్కగలడో లేదో డాక్టరు చెప్పడం లేదు. అతని భార్య నన్ను ఒక్క మాట అనదు. వెళ్తే అంబలి పోస్తుంది, తాగి వస్తున్నాను.

మొన్న పిండికట్టు విప్పారు. నా బండి వెనక కూర్చోబెట్టుకుని నెమ్మదిగా ఇంటికి తెస్తున్నాను. ఆ మండ ఎండిపోయి ఇంకా రోడ్డు వారనే ఉంది. దాన్ని చూసి బస్సు డ్రైవర్లు అప్పటికీ నెమ్మదిస్తూనే ఉన్నారు.

"ఆపు బాబూ" అన్నాడు సోమన్న.

ఎందుకన్నాను.

"ఏసినోడే తియ్యాల. నేకపోతే వచ్చీపోయేవోలు ఉత్తినే ఆగుతారు."

నేను తీస్తానన్నాను. వద్దన్నాడు. చేతికర్ర మీద కుంటుకుంటూ వెళ్లాడు. వంగలేక, ఆ కర్రతోనే మండను కొంచెం కొంచెంగా లోయలోకి తోశాడు. తిరిగొచ్చి వెనక కూర్చుని నా భుజం పట్టుకున్నాడు. అప్పుడు కూడా నాకు ఏడుపు రాలేదు.

కప్పు క్లబ్బుకి తిప్పి పంపేశాను, ఆగిన ఆ ఇద్దరికీ ఇవ్వమని. వచ్చే ఏడాది రేసులకు వెళ్లను. బండి మాత్రం తొలకరి దాకా నా దగ్గర ఉండనివ్వమని బావగారితో చెప్పు, సోమన్నను తిప్పాలి.

పెద్దలందరికీ నా దణ్ణాలు, పిల్లలకు ముద్దులు. ఈసారి నన్ను దీవించవద్దు అక్కా, సోమన్న కాలు కోసం మీ ఊరి అమ్మవారికి మొక్కు. ఇంకొకటి. మిల్లులో చదవద్దని పైన రాశాను. ఆ మాట వదిలెయ్యండి. ముందటి ఉత్తరం ఎంతమంది విన్నారో అంతమందినీ కూర్చోబెట్టి, బావగారిని ఇది కూడా గట్టిగా చదవమను.

నీ తమ్ముడు,
అప్పలనాయుడు