పిడి పట్టుకోవద్దు

మార్చి 3, మంగళవారం

మ్యూజియం ముందు మెట్లకు పాలరాయి మారుస్తున్నారు. ఉన్న రాయికి ఏం రోగమొచ్చిందో చెప్పేవాడు లేడు. అవే మెట్ల కింద, స్టోర్ రూముకీ జనరేటర్ గదికీ మధ్య ఇంకో గది ఉంది. నా తమ్ముడు ప్రతి మంగళవారం వెళ్లే గది. దానికి మాత్రం ఏప్రిల్ దాటితే డబ్బుల్లేవట.

ఈ మాట చెప్పింది గ్లౌజులావిడ. మ్యూజియంలో పాత వస్తువులను బాగుచేసే ఆఫీసర్. మట్టి పాత్రలు ముట్టుకునేటప్పుడు ఎవరైనా గ్లౌజులు తొడుక్కుంటే, జారిపోతాయి తీసెయ్యండి అని కేకలేస్తుంది. అందుకే ఆ పేరు. పెట్టింది తమ్ముడే. గేటు దగ్గర నన్ను ఆపి, ఈ గదికి డబ్బిచ్చే ట్రస్టువాళ్లు ఈసారి ఔట్‌కమ్, అంటే ఫలితం, చూపించమంటున్నారండీ, మీరు పేపర్లకు రాస్తారు కదా, కాస్త చెయ్యి వెయ్యండి అంది.

ఔట్‌కమ్! పార్కులో నడిచేవాళ్లలో ఎంతమందికి బీపీ తగ్గిందో చెబితేనే చెట్లకు నీళ్లు పోస్తారా? లైబ్రరీలో కూర్చున్నవాడిని ఎన్నో పేజీ దగ్గర బాగుపడ్డావని అడుగుతారా? మనసు బాగోలేని మనిషి మట్టి ముట్టుకుంటే మాత్రం సర్టిఫికెట్ కావాలి.

తమ్ముడు లిఫ్ట్ మెకానిక్. ‘ఒకప్పుడు’ అని రాయబోయి ఆగాను, చేతిలో పని ఎక్కడికి పోతుంది? జబ్బు వచ్చాక ముందు ఉద్యోగం పోయింది, తర్వాత స్నేహితులు, ఆ తర్వాత గుమ్మం దాటడం. వాడి చెవుల్లో గొడవను మందులు తగ్గించాయి, కాదనను. కానీ లేచి గడ్డం గీసుకుని బస్సెక్కమని ఏ మాత్రా చెప్పదు. ఆ గది చెప్పింది. వాడు ఒక్కడే, ఎవరి తోడూ లేకుండా, వెళ్లొచ్చే చోటు ఈ ఊరు మొత్తంలో అదొక్కటే.

దాన్ని మూయనివ్వను.

మార్చి 4

అప్లికేషన్ రాశాను. గ్లౌజులావిడ చదివి, ‘సిగ్గుమాలిన’, ‘దగుల్బాజీ’ తీసేస్తే బాగుంటుందేమో అంది. అవి తీసేస్తే ఇంకేం మిగిలింది?

మార్చి 10, మంగళవారం

ఇవాళ మొదటిసారి ఆ గది చూశాను. చూడటమంటే గుమ్మం బయట నుంచి. లోపల నిలబడి చూడటానికి వీల్లేదు. ఎవరొచ్చినా కూర్చోవాలి, చేతులు కడుక్కోవాలి, ఏదో ఒకటి చెయ్యాలి. చూడటానికని కుర్చీ వెయ్యరు. డాక్టరొచ్చినా అంతేనట.

పొడుగాటి బల్ల. దాని మీద దళసరి ఫోమ్ షీట్లు. మ్యూజియం పైన అద్దాల్లో పెట్టడానికి పనికిరావని పక్కన పడేసిన కుండలు, మూకుళ్లు, దీపపు ప్రమిదలు మధ్యలో. ఒక్కొక్కళ్లూ ఒకటి ఎంచుకుంటారు. దాన్ని చేతుల్లో పట్టుకుంటారు, తిప్పి చూస్తారు, తర్వాత దాన్ని చూస్తూ ఏదైనా చేస్తారు. బొమ్మ, పాట, మట్టితో ఇంకొకటి, ఏదైనా.

ఎత్తడానికొక పద్ధతుంది. ఉంగరాలు తియ్యాలి. రెండు చేతులూ వాడాలి. ఒక చెయ్యి అడుగున, ఒకటి పక్కన. పిడి ఉన్నా సరే పిడి పట్టుకోకూడదు. ఎప్పుడో విరిగి అతికించింది అదే అయ్యుంటుంది, ఊడి చేతికొస్తుంది అని గ్లౌజులావిడ చెబుతుంటే, పక్కనున్న టీచరమ్మ చెయ్యి అడుగున పెట్టి చూపించింది. తమ్ముడిలాగే ప్రతి మంగళవారం వచ్చే మనిషి, లెక్కల టీచర్‌గా రిటైరైంది. గదిలో పెద్దగా మాట్లాడదట, కానీ అందరి చేతుల మీదా కన్ను వేసి ఉంచుతుంది.

తమ్ముడిది పిడి ఉన్న కూజా. నెలల తరబడి దాన్నే పట్టుకున్నాడు. పెన్సిలుతో దాన్ని నిలువునా కోసినట్టు బొమ్మ గీస్తున్నాడు, లోపల గోడ ఎంత మందమో, ఎక్కడ పలచనో. లిఫ్ట్ షాఫ్ట్‌కి గీసినట్టే ఉంది. బయటికొచ్చాక, ఇదేంట్రా ఇన్నాళ్లు ఒక్క కూజానా అన్నాను. నువ్వు ఇన్నేళ్లుగా ఒక్క వ్యాసమే రాయట్లేదా అక్కా అన్నాడు.

మార్చి 14

ట్రస్టు చైర్మన్‌ని కలిశాను. కొరివి దయ్యంలా ఉంటాడనుకున్నాను. దగ్గుమందు జేబులో పెట్టుకుని తిరిగే పెద్దాయన. అదింకా కోపం తెప్పించింది. తిట్టుకోవడానికి అనువుగా లేడు.

ఎంతమందికి నయమైందమ్మా అని అడిగాడు. నేను మొదలుపెట్టాను. పాలరాయి దగ్గర్నుంచి, ఆస్పత్రి మంచాల దగ్గర్నుంచి, అసలు నయమంటే ఏమిటో నిర్ణయించే హక్కు ఎవరిదన్న దాకా. మధ్యలో టీ చల్లారింది. ఆయన ఓపిగ్గా విని, మీరన్నదంతా నిజమేనమ్మా, కానీ బోర్డులో ఇవన్నీ ఎవరూ వినరు, ఒక్క మనిషి కథ చెప్పండి, చదివి కళ్లు చెమర్చాలి, మిగతాది నేను చూసుకుంటా అన్నాడు.

కన్నీళ్లు తూకం వేసి డబ్బులిస్తారన్నమాట. ఇంటికొచ్చే దారంతా తిట్టుకున్నాను. ఇంటికొచ్చి రాయడానికి కూర్చున్నాను.

మార్చి 22, ఆదివారం, ఉదయం

వచ్చింది. నా కాలమ్‌లో, మొత్తం. పేరు రాయలేదు. ‘ఒక లిఫ్ట్ మెకానిక్’ అన్నాను. బాత్‌రూమ్ లోపల గడియ పెట్టుకున్న రోజు రాశాను. మేము తలుపు పగలగొట్టిన చప్పుడు, చన్నీళ్ల కింద బట్టలతో కూర్చుని వాడు మాకు చెప్పిన మాటలు రాశాను. ఆ తర్వాత గది, మట్టి, మంగళవారం.

ఫోను ఆగట్లేదు. ఎడిటర్ మొట్టమొదటిసారి ఒక్క వాక్యం కూడా కొయ్యలేదు. చైర్మన్ ఫోన్ చేశాడు. బోర్డు మెంబర్లలో ఒకావిడ ఏడ్చేశారట. ఏప్రిల్ 21న అందరూ గదికి వస్తారట, ఆ మెకానిక్‌ని చూడాలట.

గెలిచాను. బహుశా.

అదే రోజు, సాయంత్రం

తమ్ముడు చదివాడు. పేపరు నీటుగా మడిచి బల్ల మీద పెట్టాడు. బాగా రాశావక్కా అన్నాడు.

అంతే.

మార్చి 24, మంగళవారం

వెళ్లలేదు. ఒంట్లో బాగోలేదన్నాడు. గడ్డం గీసుకోలేదు.

మార్చి 31, మంగళవారం

ఈవారమూ వెళ్లలేదు. గ్లౌజులావిడ ఫోన్ చేసి, కూజా మీ వాడి కోసం చూస్తోందని చెప్పండి అంది. చెప్పాను. వాడు గోడవైపు తిరిగాడు.

నాకు తిక్క రేగింది. నీ కోసం ఊరంతా తిరిగాను, నీ కోసం కాళ్లరిగాయి, అక్కడ ట్రస్టు దిగొస్తుంటే నువ్విక్కడ దుప్పటి కప్పుకుంటావా, అసలేం తప్పు రాశాన్రా చెప్పు అని అరిచాను. పక్క ఫ్లాట్ తలుపు తెరుచుకుని మూసుకుంది.

వాడు లేచి కూర్చున్నాడు. అరవలేదు. రాసిందంతా నిజమేనే అన్నాడు. కానీ ఆ గదిలో వాళ్లెవ్వరికీ తెలీదు అన్నాడు. అక్కడ వాళ్లకు తెలిసింది, నాకు కూజా గీయడం వచ్చని, టీలో చక్కెర ఎక్కువ వేసుకుంటానని, టీచరమ్మ కళ్లజోడు స్క్రూ బిగించింది నేనేనని. ఇప్పుడు నేను గదిలోకి వెళ్తే ముందు ఆ బాత్‌రూమ్ వెళ్తుంది, నేను దాని వెనక వెళ్లాలి. నన్ను పిడి పట్టుకుని ఎత్తావే అక్కా. విరిగి అతికించింది అక్కడే.

వాక్యానికి వాక్యం బదులు చెప్పడం నా వృత్తి. వంటింట్లోకి వెళ్లి టీ పెట్టాను, చక్కెర ఎక్కువ వేసి.

ఏప్రిల్ 2

రెండు రోజులుగా నాతో నేనే వాదించుకుంటున్నాను. నా పక్షం: ఆ కాలమ్ లేకపోతే బోర్డు కదలదు. గది మూతపడితే వాడి పరువు ఎక్కడ కూర్చుంటుంది? మంచి వాదనే. నేనే చేశాను కాబట్టి ఇంకా మంచిదనిపిస్తోంది.

వాడి పక్షం: పిడి బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, పట్టుకోవడం సులువు. అందుకే అందరూ అదే పట్టుకుంటారు. ఆస్పత్రి ఫైలు అదే పట్టుకుంది, ట్రస్టు అదే అడిగింది, వాళ్లను తిట్టడానికి బయల్దేరిన నేనూ దాన్నే పట్టుకున్నాను. అందరికంటే గట్టిగా.

వాడి మంచం దగ్గరకెళ్లి, ఇప్పుడేం చెయ్యమంటావురా అని అడిగాను. అడిగాక గుర్తొచ్చింది, ఈ మొత్తం వ్యవహారంలో ఆ ప్రశ్న వాడిని అడగడం ఇదే మొదటిసారి.

బోర్డు వాళ్లని రానీ, అన్నాడు. కానీ చూడ్డానికి కుర్చీలు వెయ్యొద్దు.

ఏప్రిల్ 3

చైర్మన్‌కి ఫోన్ చేశాను. వస్తే మట్టిలో చేతులు పెట్టాలి, ఏడవడానికి ఎవరినీ చూపించం, ఫొటోగ్రాఫర్ వస్తే వాడికీ ఏప్రన్ కడతాం అన్నాను. ఆయన కాసేపు దగ్గి, అమ్మా, బోర్డులో వాళ్లు ఆ అబ్బాయి కోసమే వస్తున్నారు, వెనక్కి తగ్గితే నా చేతుల్లో ఉండదు అన్నాడు. తెలుసు అన్నాను. ఫోన్ పెట్టేశాను. ఒకవేళ గది పోతే పోగొట్టింది నేనే అవుతాను, రాసినందుకు తమ్ముడికి, ఇప్పుడు కాదన్నందుకు అందరికీ.

ఏప్రిల్ 7, మంగళవారం

గడ్డం గీసుకున్నాడు. చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. నీ కాలమ్ చదివినవాళ్లు బస్సులో ఉంటే నీ పేరున ఆటోగ్రాఫ్ ఇచ్చి రానా అని అడిగి మరీ వెళ్లాడు.

గదిలో ఏమైందిరా అని అడిగాను సాయంత్రం. ఏం కాలేదు. టీచరమ్మ కళ్లజోడు ముందుకు తోసి, మళ్లీ లూజైంది చూడు అందట.

ఏప్రిల్ 21, మంగళవారం

వరసగా రాయాలి, లేకపోతే తిట్లు ముందొచ్చేస్తాయి.

నలుగురొచ్చారు. చైర్మన్, ఏడ్చినావిడ, ఇంకో ఇద్దరు. మెరిసే బూట్లు. ఫొటోగ్రాఫర్‌ని ఆయనే గేటు దగ్గర ఆపేశాడు, అది నేను లెక్కలోకి తీసుకున్నాను. నేను గుమ్మం బయటే ఉన్నాను. నా స్థానం అదే కదా.

ఏడ్చినావిడ లోపలికొస్తూనే గొంతు తగ్గించి, ఆ మెకానిక్ ఎవరండీ అని అడిగింది. గదంతా బిగుసుకుపోయింది. అందరూ కాలమ్ చదివారని, ఎవరూ వాడికి చెప్పలేదని అప్పుడర్థమైంది నాకు. తమ్ముడు తలెత్తి, నేనేనండీ, కానీ మా అక్క రాస్తే కాస్త ఉప్పూ కారం ఎక్కువ పడతాయి, ముందు చేతులు కడుక్కోండి, మట్టి ఆరిపోతోంది అన్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిడ కడుక్కుంది.

చైర్మన్ ఉంగరం రాలేదు. సబ్బు, నీళ్లు, గ్లౌజులావిడ లాగుడు. పెళ్లప్పటిదమ్మా, నాలాగే కదలదు అంటున్నాడు. చివరికి ఊడింది. వచ్చి కూర్చుని, ఎదురుగా ఉన్న తమ్ముడి కూజా వైపు చెయ్యి చాపాడు. నేరుగా పిడి మీదికి.

పిడి కాదు! అని బల్ల మొత్తం ఒక్కసారి అరిచింది. టీచరమ్మ గొంతు అన్నిటికంటే పైన. ఆయన రెండు చేతులూ పైకెత్తి, పోలీసులకు దొరికినవాడిలా అలాగే ఉండిపోయాడు.

తమ్ముడు లేచి ఆయన వెనక్కి వెళ్లాడు. ఆయన ఎడమ చెయ్యి తీసుకుని అడుగున పెట్టాడు, కుడిది పక్కన. ఇప్పుడు బరువు మీ వైపు వాల్చుకోండి సార్, భయపడకండి, అది రాదు, మీరే దాని దగ్గరకెళ్లాలి అన్నాడు. లిఫ్ట్‌లో ఇరుక్కున్నవాళ్లతో బయట నుంచి మాట్లాడేటప్పుడు వాడి గొంతు అలాగే ఉండేది. ఎన్నాళ్లయిందో విని.

ఆయన పట్టుకున్నాడు. లోపల వేలుపెట్టి చూడండి సార్, అంచు కింద అన్నాడు తమ్ముడు. చేసినవాళ్ల వేలిముద్ర ఒకటి పచ్చిమట్టిలో పడి అలాగే కాలిపోయి ఉందట. ఆయన వేలు పెట్టాడు. చాలాసేపు తియ్యలేదు. ఔట్‌కమ్ గురించి అడగలేదు. 

తర్వాత ఆయనో వస్తువు చేశాడు. అది ఏనుగో బూటో నేను చెప్పలేను. టైమైపోయాక, ఇది ఇంటికి తీసుకెళ్లొచ్చా, మా ఆవిడకి చూపిస్తాను అని అడిగాడు. వీల్లేదు సార్, ఆరాలి, వచ్చే మంగళవారం రండి అన్నాడు తమ్ముడు. ఆరాక కాల్చాలి, దానికింకో మంగళవారం అంది టీచరమ్మ.

ఏప్రిల్ 24

రెండేళ్లు ఇచ్చారు. అడిగినంత కాదు, మట్టి కాల్చడానికి కొత్త బట్టీ సంగతి తర్వాత చూద్దామన్నారట. ఫారంలో ‘ఎంతమందికి నయమైంది’ అన్న ప్రశ్న కొట్టేసి ‘ఎంతమంది మళ్లీ వచ్చారు’ అని చైర్మన్ స్వయంగా రాశాడట.

రెండేళ్లేమిటి? మెట్లకు రెండేళ్లకే పాలరాయి వేశారా? ఇది భిక్ష కాదు, ప్రజల సొమ్ముతో శాశ్వతంగా నడవాల్సిన గది, ట్రస్టుల దయ మీద కాదు. కాలమ్ మొదలుపెట్టాను. ఈసారి అచ్చుకి పంపకముందు తమ్ముడికిచ్చాను. వాడు పెన్సిలుతో తనున్న మూడు వాక్యాలూ కొట్టేశాడు. పాలరాయి మీద ఇంకో రెండు తిట్లు కలిపాడు. నావాటికంటే బాగున్నాయి.

ఏప్రిల్ 28, మంగళవారం

చైర్మన్ వచ్చాడు, ఏనుగు కోసం. ఏనుగేనట.

నాకూ ఒక కుర్చీ వేశారు. చేతులు కడుక్కున్నాను. కప్పు చేశాను. పిడి పెట్టలేదు. ఎవరూ ఎందుకని అడగలేదు.