ఎనిమిదో తేదీ సంతకం

ఫిబ్రవరి 19

ప్రియమైన కాపీరాయుడూ,

"ప్రియమైన" అన్నది అలవాటు కొద్దీ పడింది, దాన్ని పట్టుకుని మురిసిపోకు. నీ ఉత్తరం అందింది. "గౌరవనీయులైన వాతావరణ పరిశీలకురాలు గారికి" అట. "మీరు" అట. ముప్పై ఒక్క ఏళ్ళలో ఎంత మర్యాద నేర్చావు. ఒకప్పుడు రోజూ మా కేంద్రానికి వచ్చి, నేను రిజిస్టరులో రాసిన అంకెలు చీటీ మీద ఎక్కించుకుని మీ పత్రికకి మోసుకుపోయేవాడివి. కాపీరాయుడని పేరు పెట్టింది అందుకే. నువ్వు నన్ను కొలతమ్మా అని ఏడిపించేవాడివి. ఇప్పుడు సంపాదకుడివి, అవన్నీ ఎందుకు గుర్తుంటాయిలే.

మార్చి తొమ్మిదో తేదీ మీద ప్రత్యేక వ్యాసం వేస్తున్నావన్నమాట. నీ "ఈ రోజున" శీర్షికలో, బూట్ల పాలిష్ ప్రకటన పక్కన, ఏటా ఆ మూడు అంకెలూ చూస్తూనే ఉన్నాను. మార్చి 9: అత్యధిక వేడి 36.8, అత్యల్పం 5.2, అత్యధిక వర్షం 112.4 మిల్లీమీటర్లు. అవెలా పుట్టాయో ఎప్పుడైనా అడిగావా? వేడి రికార్డు మా తాతల కాలంనాటి పరిశీలకుడిది. థర్మామీటర్ల పెట్టె తలుపు ఎండకి బార్లా తెరిచి టీ తాగడానికి పోయాడు. చలి రికార్డు నా ముందున్నాయనది. కళ్ళద్దాలు ఇంట్లో మరిచి వచ్చి ఒక పెద్ద గీత కిందికి చదివాడు. పెద్ద గీతంటే అయిదు డిగ్రీలు. ఆ పొద్దున చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ పదికి తగ్గలేదు. నువ్వు వేస్తున్నది వాతావరణ చరిత్ర కాదు నాయనా, మా ఆఫీసు నిర్లక్ష్యాల చరిత్ర. అన్నీ కాకిలెక్కలే.

మూడోది, ఆ వాన, నేను కొలిచింది. అది మాత్రం నికార్సయిందని నీ నమ్మకం. "ఆ చారిత్రక దినాన మీ అనుభూతి ఏమిటి" అని అడిగావు. అనుభూతి. సీసాలో పట్టిన వాన నీళ్ళు కొలత గ్లాసులోకి వంచుకునే మనిషికి అనుభూతేమిటోయ్?

ఈ నెలాఖరు దాటి ఇంకో నెల గడిస్తే నేను రిటైరవుతాను. మా పెద్దాఫీసరు షీల్డు చేయిస్తున్నాడు. "ముప్పై నాలుగేళ్ళలో ఒక్క పరిశీలన కూడా తప్పని" అని దాని మీద చెక్కిస్తాడట. వానకొలత డబ్బాకీ పూలకుండీకీ తేడా తెలియని మనిషి నాకు షీల్డు ఇస్తాడు, నువ్వు ఫోటో వేస్తావు. బాగుంది వరస.

ఏ మొహం పెట్టుకుని ఆ తేదీ గురించి నన్నడిగావో కాస్త ఆలోచించుకుని మళ్ళీ రాయి.

ఇట్లు,
కొలతమ్మ


ఫిబ్రవరి 25

ప్రియమైన మతిమరుపు మహాశయా,

"మీ కోపానికి కారణం తెలియలేదు" అని రాశావు. ఆపైన, "ఆ ఎనిమిదీ తొమ్మిదీ రెండు రోజులూ మీరు కేంద్రం వదిలి కదల్లేదు కదా, మీకే బాగా తెలుస్తుంది" అని. నవ్వొచ్చింది. తర్వాత రాత్రి అన్నం తినబుద్ధి కాలేదు. సరే, అడిగావు కనక అనుభూతి రాస్తున్నాను, అచ్చు వేసుకో.

ఎనిమిదో తేదీన నేను కేంద్రంలో లేను. ఆ సంగతి నీకంటే బాగా ఎవరికి తెలియాలి? మా అన్నయ్య నాకు వేరే సంబంధం ఖాయం చేశాడని, ఇద్దరం కలిసి వెళ్తే ఊరంతా చూస్తుందని, నేను పొద్దున ఆరింటి బస్సులో జంక్షన్‌కి వెళ్ళేట్టు, నువ్వు పత్రిక పని ముగించుకుని సాయంత్రం బస్సులో వచ్చేట్టు, అక్కణ్ణించి రైల్లో నీ కొత్త ఉద్యోగం ఉన్న నగరానికి పోయేట్టు అనుకున్నది నువ్వే. ఎనిమిదిన్నరకి చెయ్యాల్సిన పరిశీలన ఎగ్గొట్టి, ఇంట్లో ఆఫీసు పని మీద వెళ్తున్నానని అబద్ధం చెప్పి, రెండు చీరలు, ఒక దువ్వెన సంచీలో పెట్టుకుని వెళ్ళాను. వెయిటింగ్ రూములో కూర్చున్నాను. సాయంత్రం బస్సు రాలేదు. మన రైలు వచ్చింది, వెళ్ళింది. తెల్లారి అయిదున్నర రైలుకి వెనక్కి వచ్చేశాను. స్టేషను నుంచి ఇంటికి కూడా పోలేదు, సంచీతో సహా కేంద్రానికే వెళ్ళాను.

వానకొలత సీసాకి తేదీలు తెలియవు. మనం రోజూ పొద్దున ఎనిమిదిన్నరకి ఖాళీ చేస్తేనే అది ఒక రోజు వాన, ముందురోజు ఎనిమిదిన్నర నుంచి పడింది. ఏడో తేదీ పొద్దున ఖాళీ చేశాను, మళ్ళీ తొమ్మిదో తేదీ పొద్దున తీశాను. అందులో 112.4 ఉంది. రెండు రోజులది. నీ ఘనమైన రికార్డు ఇదన్నమాట, నేను లేకపోవడం. ఎనిమిది ఆదివారం కనక నేను లేనని ఆఫీసులో ఎవరూ చూడలేదు. ఆఫీసరు పదింటికి వచ్చేలోపు రిజిస్టరులో ఎనిమిదో తేదీ గడి ఖాళీగా కనిపించింది. ప్రేమా పోయి పరువూ పోవడం ఎందుకని, వర్షం 0.0 అని రాసి, ఎనిమిదిన్నర అని టైము వేసి, సంతకం చేశాను. వేడీ చలీ ఇటూ అటూ చూసి మధ్యస్తంగా అల్లాను. మొత్తం వానని తొమ్మిది కింద పెట్టాను. నేను బస్సెక్కాక ఎనిమిదిన్నరకి ముందు ఎంత పడిందో, తర్వాత ఎంత పడిందో ఎవర్నీ అడగలేదు. అడిగితే ఊళ్ళో లేనని తేలిపోతుంది.

పదో తేదీ మధ్యాహ్నం నువ్వొచ్చావు. నేను లోపలి గదిలో ఉన్నాను, తలుపు సందులోంచి చూశాను. బంట్రోతు నీకు రిజిస్టరు చూపించాడు. అంకెలు చూసుకుని వెళ్ళిపోయావు. నన్ను పిలవనైనా లేదు. అంకెల కోసం రాగలిగినవాడివి నా కోసం రాలేకపోయావని ఆ క్షణాన నిన్ను మనిషిగా చూడ్డం మానేశాను. అన్నయ్య తెచ్చిన సంబంధం నేనే చెడగొట్టుకున్నాను. ఇంకెవర్నీ చేసుకోలేదు. నీ మీద ప్రేమతో అనుకునేవు, అంత సీను లేదు. మగవాళ్ళ మాట మీద బస్సెక్కడం చేతకాలేదు, అంతే.

నీ శీర్షికకి సరిపోతుందా?

ఇట్లు,
పరిశీలకురాలు


మార్చి 1

ప్రియమైన కొలతమ్మా,

నాకు మతిమరుపు లేదు. ఆ 112.4 ఏటా వేసింది నీకు గుచ్చుకోవాలనే. ముప్పై ఒక్క ఏళ్ళుగా నేను నిన్ను తిట్టుకున్న తిట్లు చదివితే నీవి ముద్దుమాటల్లా ఉంటాయి.

ఆ వాన ఎనిమిదో తేదీ మధ్యాహ్నం మూడింటికి మొదలైంది. అంతకుముందు ఊళ్ళో చుక్క పడలేదు. సాయంత్రానికి బస్సు దారిలో కల్వర్టు మునిగింది. అయిదుగురం దిగి మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడ్డాం, డ్రైవరు బస్సు వెనక్కి తిప్పేశాడు. రాత్రికి రైలేదీ లేక, మర్నాడు పొద్దున ఏడింటి రైలుకి నేను జంక్షన్‌కి వచ్చాను. నువ్వు రాసిన దాన్నిబట్టి మన రైళ్ళు దారిలో దాటుకుని ఉంటాయి. వెయిటింగ్ రూములో సాయంత్రం దాకా కూర్చున్నాను. ఊడ్చే ఆమెని అడిగితే ఆడవాళ్ళు చాలామంది వస్తారు బాబూ అంది. పదో తేదీన తిరిగొచ్చి నేరుగా మీ కేంద్రానికి వెళ్ళాను. నిన్ను అడుగుదామనే వెళ్ళాను.

రిజిస్టరులో ఎనిమిదో తేదీ గడి చూశాను. ఉదయం ఎనిమిదిన్నర, కింద నీ సంతకం. ఆరింటి బస్సెక్కిన మనిషి ఎనిమిదిన్నరకి సంతకం ఎలా పెడుతుంది? అంటే నువ్వు బయల్దేరనే లేదు. నాకంటే నీకు ఆ గాజు గ్లాసే ఎక్కువైందనుకున్నాను. ఇక పిలవడానికేముంది.

నగరం వెళ్ళాను, పెళ్ళి చేసుకున్నాను, పదేళ్ళకి తిరిగొచ్చాను. మనవరాలు కూడా ఉంది. నువ్వు రాతలో అబద్ధం పెట్టే మనిషివి కాదని ఊళ్ళో అందరికంటే ఎక్కువగా నమ్మింది నేనే. అదే నా కొంప ముంచింది.

ఇంకోటి. ఆ వాన అంతా ఒక్క పూటదే. నీ రికార్డు నిజమైనదే. కావాలంటే సాక్ష్యం రాసిస్తాను.

నీ
కాపీరాయుడు


మార్చి 4

ప్రియమైన కాపీరాయుడూ,

ఈసారి "ప్రియమైన" అని చూసుకునే రాశాను.

నీ ఉత్తరం రెండు రోజులు బల్ల సొరుగులో పెట్టాను. కల్వర్టు మునిగిందని అప్పట్లో నేనూ విన్నాను. ఎప్పుడు మునిగిందని అడగలేదు. అడగడానికి నోరు రాలేదంటే నీ మీద కోపం అనుకున్నాను ఇన్నాళ్ళూ. కోపం కాదు, దొంగ సంతకం బయటపడుతుందన్న భయం. ఎండలో తలుపు తెరిచినవాణ్ణీ కళ్ళద్దాలు మరిచినవాణ్ణీ ముప్పై ఏళ్ళు వెక్కిరించాను. వాళ్ళు డిగ్రీలే పాడుచేశారు.

నీ సాక్ష్యం వద్దు. 0.0 అని రాశాను, ఆ పొద్దున నిజంగానే సున్నా. 112.4 అని రాశాను, అదీ నిజమే. వాన అంకెలు రెండూ నిజం, సంతకమే అబద్ధం. కానీ చూడనిది రాయకూడదు, మా పనిలో ఉన్న నియమం అదొక్కటే. నిన్న పాత రిజిస్టరు తీయించి ఎర్రసిరాతో దిద్దాను. తొమ్మిది ఎదురుగా, "రెండు రోజుల మొత్తం, రికార్డుగా చెల్లదు" అని రాసి, దిద్దిన రోజు తేదీతోనే సంతకం చేశాను. పెద్దాఫీసరు తల పట్టుకున్నాడు. "ఇంకో నాలుగు వారాలు ఆగలేకపోయారా అమ్మా, షీల్డు చెక్కేశారు" అన్నాడు. చెరిపించండి అన్నాను. ఇత్తడి చెరగదట. అయితే పూలకుండీ కింద పెట్టుకోండి అన్నాను.

నిన్ను తిట్టిన తిట్లు సగం వెనక్కి తీసుకుంటున్నాను. మిగతా సగం ఉంచుకో. ఒక్కసారి లోపలికి వచ్చి "ఏమే, ఎందుకు రాలేదు" అని అడిగి ఉంటే అయిపోయేది. నేను తలుపు సందులోంచి బయటికి వచ్చి ఉన్నా అయిపోయేది. నీ మనవరాలికి ఇదంతా చెప్పకు, మనల్ని చూసి నవ్వుతుంది.

తొమ్మిదో తేదీ వ్యాసం మానెయ్. ఎనిమిదో తేదీ శీర్షికలో, ఆ బూట్ల పాలిష్ పక్కనే, ఒక్క ముక్క వెయ్యి. ఎర్రసిరాతో ఆ గడిలో ఎలా రాశానో అలాగే, కాపీ చెయ్యడం నీకు చేతనైన పనే:

"మార్చి 8. పరిశీలన జరగలేదు. పరిశీలకురాలు జంక్షన్‌లో ఉంది."

నీ
కొలతమ్మ