నల్లరంగు కొట్టిన లోయర్ ఆర్మ్

బుధవారం, మధ్యాహ్నం,
షాపు వెనక గది.

పగిలిందని నేను పక్కన పెట్టిన ఆర్మ్‌కి నల్లరంగు కొట్టి అమ్మేశావు బావా. క్షేమసమాచారాలు ఇంకో ఉత్తరంలో అడుగుతాను. ఇందులో వాటికి చోటు లేదు.

ఫోన్ ఎత్తవు. ఇంటికొస్తే నువ్వు ఊళ్లో లేవని అక్క చెప్పింది. ఆ మాట తన నోట్లో ఉండగానే లోపలి గదిలో నువ్వు దగ్గావు. పాపం, నా మొహం చూడలేక గుమ్మం దగ్గర లేని దుమ్ము ఊడ్చింది. అక్క చేత అబద్ధం ఆడించిన సంగతి తర్వాత తేల్చుకుందాం. ముందు ఇది చదువు. ఫోనైతే మోగి మోగి ఊరుకుంటుంది, కాగితం ఊరుకోదు.

రేపు "నాకలా చెప్పలేదే" అనకుండా జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పోయిన వారం విడగొట్టిన రేసుకారు నుంచి రెండు లోయర్ ఆర్మ్‌లు వచ్చాయి. ముందు చక్రాన్ని బండికి పట్టి ఉంచేది అదే. అది విరిగితే చక్రం ఒక దారి, బండి ఒక దారి. రెండిటినీ ఒక పూటంతా కిరోసిన్‌లో నానబెట్టి, పొడిగుడ్డతో తుడిచి, సుద్దపొడి రాశాను. కుడిదాని మీద పొడి తెల్లగా ఉండిపోయింది. ఎడమదాని మీద, బాల్ జాయింట్ కూర్చునే కన్నం పక్కన, వెంట్రుకంత తడిగీత తేలింది. పగుల్లో దూరిన కిరోసిన్ బయటికొచ్చి సుద్దని తడుపుతుంది, అంతే కిటుకు. ఇది నాకెవరూ నేర్పలేదు, రెండు పిస్టన్లు నాశనం చేసుకుని నేర్చుకున్నాను. నిన్ను పిలిచి చూపించాను. వంగి మరీ చూశావు. నావి డేగ కళ్లన్నావు. సిగ్గు లేకుండా మురిసిపోయాను కూడా. సుద్దముక్కతో దాని మీద పెద్ద గుండ్రం చుట్టి మూల పెట్టాను.

ఆదివారం రేసు ట్రాక్ దగ్గర నువ్వు బల్ల వేసి సామాను అమ్ముతుంటే నేను అవతల ఒకాయన బండికి బ్రేకులు బిగిస్తున్నాను. సోమవారం వచ్చి చూస్తే మూల ఖాళీ. అడిగితే నువ్వన్నది ఒక్క అక్షరం మార్చకుండా రాస్తున్నాను.

"సుద్ద కడిగేసి ఒక కోటింగ్ కొట్టా మరదలా, పెళ్లికూతురిలా మెరిసింది. పాత సామాను కొనేవాడికి అది పాతదని తెలీదా ఏంటి?"

పాతదని తెలుసు బావా. పగిలిందని తెలీదు. ఆ తేడా చూసిపెట్టడానికే కదా నన్ను పనిలో పెట్టుకున్నావు.

మన దగ్గర కొనేవాళ్లెవరు? స్కూలు బస్సు నడిపే ఆయన, పళ్ల డాక్టరమ్మ, కుట్టుమిషన్లు బాగుచేసే అన్నదమ్ములు. వారమంతా ఒళ్లు వంచి పనిచేసి, ఆదివారం ఆ మలుపుల కోసం బతికేవాళ్లు. మనమూ ఆ తానులో ముక్కలమే. మనం అమ్మిన టర్బో ఈల వేసుకుంటూ మన బండినే దాటిపోతే పక్కకి జరిగి చప్పట్లు కొట్టినవాళ్లం. డాక్టరమ్మ ఏది కొన్నా ఒక్కటే అడుగుతుంది, "నువ్వు చూశావా అమ్మాయ్?" అని. చూశానంటే తిరగేసి కూడా చూడదు. నువ్వు రంగు పూసింది ఇనప సామాను మీదనుకున్నావు. కాదు, ఆ మాట మీద.

సోమవారమే మన ట్రాక్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను, మన బల్ల మీద ఎడమ ఆర్మ్ కొన్నవాళ్లు బండి కదపొద్దని. నూట పధ్నాలుగు మంది చూశారు. నేనే కొన్నానని ఒక్కరూ అనలేదు. అంటే కొన్నతను గ్రూపులో లేడు. అతని మొహం చూసింది నువ్వొక్కడివే. గుర్తులేదంటున్నావు. నాలుగేళ్ల కిందట ఎవరికి ఏ సైజు బోల్టు ఇచ్చావో చెప్పే మనిషివి, మొన్నటి మొహం మర్చిపోయావా? అతని పేరు బయటికొస్తే షాపు పరువు పోతుందని నీ భయం. నా భయం వేరే. ఈ ఆదివారం మళ్లీ ట్రాక్ ఉంది. మూడో మలుపు కుడివైపు తిరుగుతుంది. అక్కడ బండి బరువంతా ఎడమ ముందు చక్రం మీద పడుతుంది. ఆ చక్రాన్ని పట్టుకుని ఉన్నది నీ పెళ్లికూతురు.

నువ్వు చెప్పకపోతే ఆదివారం పొద్దున్నే ట్రాక్ గేటు దగ్గర నిలబడతాను. వచ్చిన ప్రతి బండి కిందా పడుకుని చూస్తాను. ఎందుకని అడిగిన ప్రతివాళ్లకీ ఎందుకో చెప్తాను. పనిలోంచి తీసేస్తావా, తీసేయ్. స్పానర్లు నావి, నేర్చుకున్నదీ నాదే.

ఇట్లు,
నిన్ను ఇంకా బావా అనే పిలుస్తున్న
నీ మరదలు.

తా.క. గ్రూపులో నేను రాసింది నువ్వు పూర్తిగా చదివి ఉండవు. అందులో నీ ఊసు లేదు, నా తప్పే ఉంది. పగిలిన ముక్క దొరికితే ఇంకొకరి చేతిలో పడకుండా అక్కడికక్కడే రంపంతో రెండుగా కోసేయాలి. ఈ పనిలో ఉన్న ఎవరినడిగినా చెప్తారు. నేను కోయలేదు. మూడేళ్లుగా టార్పాలిన్ కింద కట్టుకుంటున్న నా బండికి అలాంటి ఆర్మ్ కొత్తది కొనగలనా? వెల్డింగ్ చేయించి నేనే వాడుకుందామని ఆశపడ్డాను. పరాయివాళ్లకి ప్రమాదమైంది నాకు మాత్రం కాదనుకున్నాను. అతనికేమన్నా అయితే సగం పాపం నాది. నిన్ను ఇలా వదలకుండా వెంటపడడానికి కారణం అది. అతని పేరు, ఫోన్ నంబరు, అవి నిజంగానే తెలియకపోతే బండి రంగు, నంబరులో గుర్తున్న నాలుగంకెలు, ఏదైనా సరే, ఈ కాగితం వెనకే రాసి అక్క చేత పంపు. శుక్రవారం సాయంత్రం ఆరింటిలోగా.