మోకాళ్ల గురించే రాశాను

మాస్టారూ,

మీరు కన్నుమూసి నేటికి ఏడాది. మీరు తీర్చిదిద్దిన మన నారాయణగూడ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు నగర లీగ్‌ను వదిలి, ఇతర రాష్ట్రాల్లోనూ ఆడే పెద్ద లీగ్‌లో చేరింది. చేరేముందు కాలేజీవాళ్లు జట్టు ఫిజియోథెరపిస్టుగా నన్ను మంచిచెడ్డలు రాసిమ్మంటే, పచ్చిక మైదానాలు మోకాళ్లకు మేలనీ, వరుస ప్రయాణాలు కండరాలకు చేటనీ రాసిచ్చాను. పనికి వెళ్లే పిల్లల కోసం మీరు తెల్లవారుజామునే ప్రాక్టీసు పెట్టేవారన్న సంగతి రాయలేదు.

చిక్కడపల్లిలో మందుల షాపులో పనిచేసే మన గోల్‌కీపర్ నరేశ్ నిన్న జట్టు వదిలేశాడు. ఈ ప్రయాణాలకు షాపులో అన్నేసి రోజులు సెలవు దొరకదు.

"మోకాలు మంచిగ జేసినవ్ గదన్నా, ఇగ షాపుల నిలబడనీకి పనికొస్తది," అని నవ్వాడు.

అతనితో కలిపి ఐదుగురు తప్పుకున్నారు. పనికి వెళ్లే పిల్లల సంగతి ఎందుకు రాయలేదని మీరడుగుతారు. నన్ను మోకాళ్ల గురించే అడిగారనుకున్నాను.