రాని జబ్బుకు మాత్ర

జూన్ 2
రక్తపరీక్ష ఫలితం వచ్చింది. కొలెస్ట్రాల్ ఎక్కువ. గుండెకు ఇప్పటికి జబ్బేమీ లేదట. కానీ బీపీ ఉంది, వయసు యాభై దాటింది కాబట్టి రోజూ ఒక మాత్ర వేసుకుంటే మంచిదన్నాడు డాక్టరు.
"మీలాంటివాళ్ళు వందమంది ఉంటే పదేళ్ళలో పదిహేనుమందికి గుండెపోటో పక్షవాతమో రావచ్చు. మాత్ర వేసుకుంటే పదకొండుమందికే వస్తుంది. వేసుకోవడం, మానడం మీ ఇష్టం."
"తప్పించుకునే నలుగురిలో నేనున్నానా?"
"అది తెలిస్తే జోస్యం చెప్పుకుని హాయిగా బతికేవాణ్ణి."
జబ్బు లేకుండా మందు మింగడం నా వల్ల కాదు. తిండితో, నడకతో తగ్గిస్తానన్నాను. మూడు నెలలు చూద్దామన్నాడు. రేపటి నుంచి గుడ్లు బంద్. వేపుళ్ళు బంద్.

జూన్ 3
పొద్దున్నే మా కోళ్ళ ఫారం చుట్టూ నడక. ఒళ్ళు దూదిపింజలా ఉంది. మధ్యాహ్నం ఉడకబెట్టిన కూర.
"ఇది మనిషి తిండేనా?" అంది మా ఆవిడ.
పట్టుదల ఉన్న మనిషి తిండి అన్నాను.

జూన్ 9
వాన. నడక లేదు. మేత బస్తాలు దింపించాను. దగ్గరుండి చూడటం కూడా శ్రమే.

జూన్ 17
ట్రే నిండా పగిలిన గుడ్లు. వ్యాపారి తీసుకోడు. పారేయడానికి మనసొప్పలేదు. ఆమ్లెట్. పచ్చసొన తీసేద్దామనే అనుకున్నాను. పగిలినదాంట్లో ఎక్కడని వెతకను?

జూన్ 28
మా బావమరిది వచ్చాడు. ఆ మాత్రలు వేసుకుంటే కండరాలు పట్టేస్తాయట. తనకు తెలిసినవాడొకడు మంచం దిగలేకపోయాడట. వింటుండగానే నా తొడ పీకింది. మాత్ర ఇంకా కొననేలేదు.

జూలై 11
కొత్త కోడిపిల్లలకు టీకా. ఒక్కదాన్నీ వదల్లేదు. మా ఆవిడ నీళ్ళ తొట్లు కడుగుతూ అడిగింది.
"వీటిలో దేనికుంది జబ్బు?"
"రాకుండా వేస్తాం. వస్తే షెడ్డు షెడ్డంతా ఊడ్చుకుపోతుంది."
"ఏది పోతుందో ముందే తెలిసిందా మీకు?"
కోళ్ళ సంగతి వేరన్నాను. ఎలా వేరో ఆలోచిస్తూ పడుకున్నాను. లేచేసరికి ఎండెక్కింది.

ఆగస్టు 20
వేపుడు. వివరాలు అనవసరం.

సెప్టెంబరు 3
మళ్ళీ పరీక్ష. పోయినసారి కన్నా పెరిగింది. ల్యాబువాళ్ళు పొరబడి ఉంటారన్నాను. డాక్టరు చెవిన పెట్టలేదు. నా వెనక నిలబడ్డ మా ఆవిడను చూసి, "మీరెప్పుడైనా చేయించుకున్నారా?" అన్నాడు. లేదు. ఇన్నేళ్ళూ నా ఫైలు మోయడానికే వచ్చింది.

సెప్టెంబరు 5
ఆమె పరీక్ష ఫలితం వచ్చింది. కొలెస్ట్రాల్ నాకంటే ఎక్కువ. షుగరు కూడా బయటపడింది. డాక్టరు లెక్కలన్నీ చెప్పాడు, కండరాల నొప్పి సంగతీ చెప్పాడు. ఆమె అడిగింది ఒక్కటే: "అన్నం తిన్నాకా, తినకముందా?"
ఇద్దరికీ మాత్రలు కొనుక్కొచ్చింది. భోజనమయ్యాక తనది వేసుకుంది.
"కాస్త ఆలోచించుకోవా?" అన్నాను.
"ఇద్దరికీ సరిపడా మీరు ఆలోచిస్తున్నారుగా."

సెప్టెంబరు 6
మామూలుగానే లేచింది. కాళ్ళు పట్టేశాయా అని రెండుసార్లు అడిగాను. లేదంది. ఒక్కరోజులో ఏం తెలుస్తుంది? ఆమెకెలా పడుతుందో మూడు నెలలు చూసి, అప్పుడు నాది తేల్చుకుంటాను. ఈలోగా ఊరికే కూర్చోను. సోమవారం నుంచి నడక.