ఉత్తరపు కట్ట దిగే ముందు

నేను, గుర్రాల బుచ్చన్న, తండ్రి కీర్తిశేషులు రాజయ్య, వయసు యాభై రెండు, సొంత జిల్లా జగిత్యాల. ప్రస్తుతం సౌదీలో అల్ ఖర్జ్ దగ్గర ఒక పాల ఫారంలో పంపు మెకానిక్‌ని. నాకు జ్వరం లేదు, మతి చెదరలేదు, ఎవరూ పక్కన నిలబడి రాయిస్తలేరు. రేపు పొద్దున ఫారం చెరువు ఉత్తరపు కట్ట దిగి పంపు గొట్టం మార్చాలని నాకు ఆర్డర్. అందుకే ఈరోజే రాస్తున్నాను.

1. ఊళ్లో ఇల్లు, ఎకరం పది గుంటల చెలక నా భార్య భాగ్యలక్ష్మికి సర్వహక్కులతో చెందాలి. నా పెట్టెలో ఆలివ్ నూనె సీసా ఉంది. అది ఆమె పగిలిన కాళ్లకు, కూరలకు కాదు.

2. తమ్ముడు రాముకు నా చేతి గడియారం. మా చెలకల నడుమ గెట్టు రాయి జరిపింది వాడే. తొమ్మిదేండ్లు మాట్లాడలేదు. సదరు రాయి ఇప్పుడు ఎక్కడుందో అక్కడే ఉండనియ్యాలె.

3. నర్సింలు సంగతి. పదకొండేండ్లు నా పక్క మంచం వాడు. ఇక్కడ పనిచేసి వెళ్లిపోయిన పశువుల డాక్టర్ మా ఇద్దరికీ ఎలుక గాలం నేర్పిండు. చెప్పు స్పంజి ముక్కకు మేక వెంట్రుకలు చుట్టి, తోలు తోక పెట్టి, ముల్లు దాచాలె. దారాన్ని కొరడాలాగ ఊపి విసిరి, నీళ్ల మీద కొంచెం కొంచెం గుంజితే ఎలుక ఈదినట్టే ఉంటది. కిందినుంచి బాస్ చేప లేచి గుబుక్కున మింగుతది. శుక్రవారం సాయంత్రాలు మాకు అదే పండుగ.

అక్టోబర్ 17న ఒక్క చేప లేవలేదు. పడమటి కట్ట బొరియల్లోంచి నిజం ఎలుకలే బయటికొచ్చి, పిల్లలను నోట కరుచుకొని, చెరువు ఈది అవతలికి పోయినయి. చేపలు వాటినీ ముట్టలేదు. "అన్నా, కట్ట లోపల ఏదో అయితుంది" అన్నడు నర్సింలు. ఇద్దరం పోయి ఫోర్‌మన్ ఖాజావలికి చెప్పినం. "ఎలకల్ని జూసి పని ఆపల్నా?" అన్నాడు. తెల్లారి పంపు నోటి జాలీ కడగమని నర్సింలును ఆ పడమటి కట్టకే పంపిండు. కట్ట మనిషితో సహా కూలింది. రెండు రోజులకు శవం దొరికింది.

చేపలు పట్టబోయి కాలు జారి చచ్చిపోయాడని ఫారం వాళ్లు కాగితం రాశారు. ఖాజావలి సంతకం పెట్టిండు. నన్ను పెట్టమంటే నేను పెట్టలేదు. ప్రమాణంగా చెప్తున్నాను: ఆ పొద్దున నర్సింలు గాలం కర్ర సంచిలో, మా గోడ మేకుకే ఉంది. అతని చేతిలో ఉన్నది పానా. ఆ కర్ర, సంచి అతని భార్య ముత్తవ్వకు చెందాలి. చెల్లె, నీ మనిషి ఆటకు పోయి సావలేదు. పనికి పోయి సచ్చిండు. ఎవరడిగినా తలెత్తి చెప్పు.

4. కట్ట పగుళ్ల ఫోటోలున్న నా ఫోన్ ట్యాంకర్ డ్రైవర్ ఫారూఖ్‌కు. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా అతనిదే. సదరు ఫోటోలు ఎంబసీకి ఇవ్వాలి.

5. బిడ్డ సృజనకు నా గాలం కర్ర, నేను చేసిన ఆరు గాలం ఎలుకలు. గుచ్చుకోకుండా ముండ్లు విరిచిన. నువ్వు కొత్తది చేస్తే చెవులు పెట్టకు బిడ్డా, తడిసి బరువైతయి.

6. ఖాజావలికి ఏమీ లేదు. ఈరోజు పొద్దు వాలినంక, అసర్ నమాజు టైముకు చెరువు దగ్గరికి పోయిన. ఉత్తరపు కట్టను ఎలుకలు ఖాళీ చేస్తున్నయి. పోయి చెప్పిన. "మేనేజర్ మాట. నువ్వు దిగకుంటే కొత్తగా వచ్చినోళ్లిద్దర్ని దించల్ల" అన్నాడు, నా ముఖం చూడకుండా. వాళ్లకు ఆ కట్ట సంగతి తెలియదు. నేనే దిగుతాను. నడుముకు తాడు కట్టుకుంటాను. రెండో కొస పట్టుకునే మనిషి దొరకలేదు.

రెండో సాక్షిగా కూడా క్యాంపులో ఎవరూ ముందుకు రాలేదు. జాగా వదిలిపెట్టాను.

14 నవంబర్ 2025, శుక్రవారం, అల్ ఖర్జ్.

(సంతకం) గుర్రాల బుచ్చన్న

సాక్షులు:
1. (సంతకం) మహ్మద్ ఫారూఖ్, నిజామాబాద్.
2. (సంతకం) షేక్ ఖాజావలి, ఫోర్‌మన్, కడప. అంతా చదివినాను. మూడో అంశం నిజం. నేను సంతకం పెట్టిన కాగితమే అబద్ధం. పని ఆపమని ఇప్పుడే మేనేజర్‌ని అడిగినాను, ఒప్పుకోలేదు. రేపు తాడు నేను పట్టుకుంటాను.