తొమ్మిదో దెబ్బ

ఫిబ్రవరి 18, మంగళవారం

చిరంజీవి బామ్మర్దికి మీ బావ దీవించి రాయించునది. ఇక్కడ అందరం క్షేమం అనడం ఆనవాయితీ కాబట్టి ఆ మాట రాయించాను గానీ, క్షేమమేమీ లేదు. దస్తూరీ చూసి కంగారుపడకు, రాస్తున్నది నీ మేనకోడలు. నా కుడిచెయ్యి పూర్తిగా పడిపోయింది. అన్నం కూడా ఎడమచేత్తోనే. పియానో మూత మీద ఇస్త్రీ బట్టలు పెడుతున్నారు, నేనూ వద్దనడం లేదు. మీ అక్క సంగతంటావా, ఆరేళ్ళయినా నీ పేరెత్తితే లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది.

మన జాజ్ బాణీ గురించే ఈ ఉత్తరం. ఆ టర్కీ జానపద రికార్డు అరిగిపోయేదాకా విని, అందులోని తొమ్మిది దెబ్బల తాళం మీద మనిద్దరం కట్టుకున్నది. రెండు, రెండు, రెండు, మూడు. నిండు గిన్నె పట్టుకుని గడప దాటేవాడిలా ఆ చివరి మూడు దగ్గర కాస్త ఆచితూచి వెళ్ళాలని కనిపెట్టింది నువ్వే. నీ తర్వాత ముగ్గురు డ్రమ్మర్లను చూశాను. తొమ్మిదో దెబ్బ వేస్తారు, వేసి వదిలించుకుంటారు. అందులో ప్రాణం లేదురా. నాతోపాటు దాన్నీ మట్టిచేస్తారన్న దిగులుతో తిండి సయించడం లేదు.

ఇప్పుడు పియానో భాగం తను వాయిస్తానంటోంది అమ్మాయి. వచ్చే నెల పదో తారీఖున, చిన్న హాలు. డ్రమ్స్ మీద కూర్చోడానికి నువ్వు తప్ప దిక్కులేదు. “మావయ్యా?” అని మొదట ముఖం చిట్లించింది. ఆనాటి కచేరీకి నువ్వు తాగొచ్చి తాళం తప్పావనీ, అందరి ముందూ నిన్ను స్టేజీ దింపేయాల్సి వచ్చిందనీ తనకి తెలుసు కదా. ఆ తర్వాత నిన్నెవరూ వాయించడానికి పిలవలేదనీ, గోడౌన్లో పెట్టెలు మోస్తున్నావనీ విన్నాం. పోనీలే, జరిగిందేదో జరిగింది. నేను క్షమించేశాను. తాగకుండా వస్తానని మాటిస్తే సరేనంది నీ మేనకోడలు. ఈ మాట రాయడానికి పాపం కాస్త తటపటాయించింది.

నీ జవాబు కోసం గుమ్మం వైపు చూస్తూ,
మీ బావ

తా.క. ఇది నా ఎడమచేతి రాత, కూడబలుక్కుని చదువుకో. అమ్మాయి స్టాంపులకని వెళ్ళింది. ఆ రోజు నువ్వు చుక్క కూడా ముట్టలేదు. తాళం తప్పింది నేను. చివరి మూడు దగ్గర నా వేళ్ళు లేవలేదు. చెయ్యి పోతుందని డాక్టరు అంతకు నెల ముందే చెప్పాడు, మీ అక్కకి కూడా చెప్పలేదు. జనమంతా చూస్తున్నారు, భయమేసింది. వెనక్కి తిరిగి నువ్వు తాగావన్నాను. నువ్వు కర్రలు సంచిలో పెట్టుకుని దిగిపోయావు. నేను నిన్ను క్షమించడమేమిట్రా, సిగ్గులేకపోతే సరి. నువ్వు రాకపోయినా అడగడానికి నాకు నోరు లేదు.

కవరు అంటించే ముందు ఉత్తరం మొత్తం ఒకసారి చదువుకోవడం అమ్మాయికి అలవాటు. చదవనీ.